ఓబులేసన్న మతిమరుపు

ఓబులేసన్నకు మతిమరుపు లేదు. ఎప్పుడూ లేదు. ఉందని ఆయన్ను నమ్మించింది నేను.

ఈ రెండు ముక్కలు కాగితం మీద పెట్టడానికి నాకు ఏళ్లు పట్టింది. రాసినాక చూసుకుంటే ఎంత చిన్న మాటలు! ఇంత చిన్న మాటల్ని ఇన్నేళ్లు గొంతులో అడ్డంగా పెట్టుకుని తిరిగానా? తిరిగాను. బడికి పోయి పాఠాలు చెప్పాను. పెళ్లిళ్లకు పోయి అక్షింతలు వేశాను. వీధిలో నలుగురూ తగువు తీర్చమంటే పెద్దమనిషిలా కూర్చుని న్యాయం చెప్పాను. లోపల ఇది కుళ్లుతూనే ఉంది. మీరెవరో నాకు తెలియదు, నేనెవరో మీకు తెలియదు. ఆ ధైర్యంతోనే చెబుతున్నా. అదీ పిరికి ధైర్యమే.

మాది ప్రొద్దుటూరు. జమ్మలమడుగులో ఒక బడిలో అయ్యవారిని. ఇంట్లో తాతల నాటి నుంచి పౌరోహిత్యం, పంచాంగం. నాకు మాత్రం చిన్నప్పటి నుంచి లారీల పిచ్చి. ముందుకు ముక్కు పొడుచుకొచ్చినట్టు ఉండే పాతకాలం లారీలు మీకు గుర్తుండొచ్చు. అట్లాంటిది ఒకటి ఖాజీపేట పక్క మూతబడిన నూనె మిల్లు వెనక కంపచెట్ల మధ్య కూలబడి ఉందని తెలిస్తే, పోయి బతిమాలి తెచ్చుకున్నాను. ఇంటి పక్క రేకుల షెడ్డులో పెట్టాను. మా ఆవిడ నెత్తి కొట్టుకుంది. దాన్ని బాగు చేయడానికి తోడు వచ్చినవాడే ఓబులేసన్న.

ఆయన ఇల్లు మా వెనక వీధి. వీరపునాయునిపల్లె పక్క గొర్లు మేపే ఇంట్లో పుట్టి, మీసాలు రాకముందే గొర్లు వదిలి లారీ ఎక్కినవాడు. ఒంట్లో సత్తువ తగ్గి లారీ దిగినా నోట్లో మాత్రం తగ్గలేదు. గొంతు పెద్దది, గొప్పలు ఇంకా పెద్దవి. ఏ ఊరి ఘాట్‌లో ఏ మలుపు ఎట్లుంటుందో, ఏ హోటల్లో ఏ పప్పు బాగుంటుందో, అడక్కపోయినా చెప్పేవాడు. "నా తల్లో పడిందేదీ జారదు అయ్యోరా" అని నెత్తి తట్టుకునేవాడు. నాకు నవ్వొచ్చేది. కొన్నిసార్లు ఒళ్లు మండేది కూడా. అది దాచి లాభం లేదు.

ఆదివారాలన్నీ షెడ్డులోనే. తుప్పు గోకడం, పుచ్చిపోయిన అడుగు రేకు కోసేసి కొత్తది అతికించడం, వెనక తొట్టిలో చెక్క బెంచీలు కట్టించడం. ఓబులేసన్న భార్య లక్ష్మీదేవి ఎండపూట చెంబుతో మజ్జిగ తెచ్చేది. నేను వదినా అని పిలిచేవాణ్ని. ఆమెకు ఆ లారీ మీద ఒకటే కోరిక. మొగుడు జీవితమంతా లారీలు తోలినా ఆమెను ఒక్కనాడూ ముందు సీట్లో కూర్చోబెట్టుకోలేదు, ఓనర్లు ఒప్పుకోరని. "ఇది నడిచినప్పుడు ముందు నేనే ఎక్కేది" అనేది. అట్లాగే కానీ అన్నాను.

పాత స్టీరింగు శానా బరువు. తిప్పితే నా భుజాలు పట్టేసేవి. కొత్త రకం లారీది, పవర్ స్టీరింగు, కడపలో పాత సామాన్ల దగ్గర దొరికింది. అది బిగిద్దాం అన్నాను. ఓబులేసన్నకు ఇష్టం లేదు. "పాతదాన్ని పాతట్లనే ఉండనీ" అన్నాడు. నేను పట్టుబట్టాను. నా లారీ కదా. చివరికి ఆయనే కొలతలు చూసి, రాడ్డు కోయించి, అన్నీ అమర్చాడు.

ఇక అసలు సంగతి.

స్టీరింగు నుంచి చక్రానికి పోయే రాడ్డు చివర ఒక నట్టు ఉంటుంది. ఆ నట్టు అదురుకు ఊడిపోకుండా దానికి అడ్డంగా ఒక పిన్ను గుచ్చి, దాని రెండు కాళ్లూ వంచాలి. అంతే పని. ఆ రోజు ఓబులేసన్న నట్టు బిగించి, చెయ్యి తిమ్మిరెక్కిందని బయటికి పోయి కూర్చున్నాడు. పిన్ను నన్ను వేయమన్నాడు. నేను లారీ కింద వెల్లకిలా పడుకున్నాను. పిన్ను దూరాల్సిన రాడ్డు రంధ్రం నట్టు గాడికి సరిగా ఎదురు రాలేదు. నట్టు ఇంకొంచెం తిప్పాలి. స్పానరు చేతికి అందడం లేదు. పాత ఆయిలు చుక్క కంట్లో పడింది. అప్పటికే విసుగు. మళ్లీ వేద్దాంలే అనుకున్నాను. పాక్కుంటూ బయటికి వచ్చాను.

"అయ్యోరా, పిన్ను ఏసినావా?" అన్నాడు.

"ఏసినానన్నా."

"కాళ్లు రెండూ వంచినావా?"

"వంచినా."

ఎందుకు అబద్ధం చెప్పాను? ఎన్నిసార్లు అడుక్కున్నానో ఈ మాట. లేదు, గాడి కుదరలేదు అంటే ఆయన లేచి వచ్చి వేసేవాడు, అంతకన్నా ఏమీ జరిగేది కాదు. కానీ వేస్తూ నవ్వేవాడు. "బలపం పట్టే చేతులు, మీకు యాడ వస్తాది" అనేవాడు. ఆ నవ్వు పడలేక. అంతే. ఇంకేదైనా పెద్ద కారణం ఉంటే బాగుండునని వెతికాను. లేదు. మరుసటి రోజు వేద్దామనుకున్నాను, బడిలో పరీక్షలు వచ్చాయి. ఆ తర్వాత మరిచిపోయాను. చూశారా, మరిచిపోయింది నేను.

లారీ బయటికి తీసిన పొద్దు ఓబులేసన్న కొత్త పంచె కట్టి స్టీరింగు పట్టాడు. పులివెందులలో వాళ్ల కూతురింటికి పోయి రావాలని అనుకున్నాం. వదిన పూలు పెట్టుకుని ముందు సీట్లో కూర్చుంది. వీధి వీధంతా నిలబడి చూసింది. నేను ఫోన్లో వీడియో తీయాలని మోటారు సైకిల్ మీద వెనక వస్తున్నాను. ముద్దనూరు దాటినాక రోడ్డు కొంచెం పల్లం. ముందర లారీ ఉన్నట్టుండి ఎడమకు లాగింది. బ్రేకు లైట్లు వెలిగాయి. స్టీరింగు తిరుగుతున్నా చక్రం తిరగడం లేదని ఆయనకు ఎంత సేపట్లో అర్థమైందో. రోడ్డు దిగి మోరీ గోడకు కొట్టుకుని శనగ చేలో ఆగింది.

ఓబులేసన్నకు నుదురు చీరుకుంది, అంతే. వదిన కూర్చున్న వైపు తలుపు నలిగిపోయింది. ఆమె తుంటి ఎముక విరిగింది. ఆమె అరుపు ఎట్లుందో రాయను. రాసే హక్కు నాకు లేదు.

ఆసుపత్రి వరండాలో ఇద్దరమే కూర్చున్నాం. లోపల ఆపరేషను. అప్పటికే లారీని లాక్కొచ్చిన మేస్త్రీ ఫోన్ చేసి చెప్పాడు, రాడ్డు నట్టు లేదు, పిన్ను ఉండుంటే నట్టు ఊడదు అని. ఓబులేసన్న నుదుటికి కట్టు. పంచె నిండా రక్తం, ఎవరిదో. తల ఎత్తి నన్ను చూశాడు.

"అయ్యోరా. ఆ పిన్ను నిన్ను ఏయమంటినా, నేనే ఏస్తానంటినా? నాకు గ్యాపకం రావడం లేదు. తలకాయంతా గుయ్యిమంటాంది."

నన్ను దొరకబట్టాలని అడగలేదు. ఆయన కళ్లు నాకు ఇప్పటికీ గుర్తు. దోవ తప్పినవాడు దోవ అడిగినట్టు అడిగాడు. నేను చెప్పిందే నమ్మడానికి సిద్ధంగా ఉన్నాడు. ఒక్క మాట. నిజం చెప్పడానికి ఒక్క మాట చాలు.

"నువ్వే ఏస్తానంటివి కదన్నా" అన్నాను.

ఆయన తల ఊపాడు. "ఔ. ఔ. నేనే అనింటా. నా మతి మండ" అని చెయ్యెత్తి, కట్టు ఉన్న నుదుటి మీదే కొట్టుకున్నాడు. నేను ఆ చెయ్యి పట్టుకుని ఆపాను. ఓదార్చాను. "వయసు కదన్నా, ఎవరికైనా జరుగుతాది" అన్నాను. ఛీ. అబద్ధం చెప్పింది ఒక ఎత్తు. ఆ చెయ్యి పట్టుకుని ఓదార్చింది ఇంకో ఎత్తు.

వదిన బతికింది. కర్ర ఊతతో నడుస్తుంది. నేల మీద కూర్చోలేదు. మొగుణ్ని ఒక్క మాట అనలేదంట. అనుంటే ఆయనకు కొంచెం తేలికయ్యేదేమో.

ఓబులేసన్న స్పానరు ముట్టుకోవడం మానేశాడు. మా షెడ్డు ముందర పోవాల్సి వస్తే సందు తిరిగి పోయేవాడు. గొంతు తగ్గింది. గొప్పలు పోయాయి. గ్యాసు కట్టేసినానా అని భార్యను అడిగేవాడు, పోయి చూసి వచ్చేవాడు, మళ్లీ అడిగేవాడు. తాళం వేసి వీధి చివరిదాకా పోయి వెనక్కి వచ్చి తాళం లాగి చూసేవాడు. ఒకసారి బజారులో నన్ను పట్టుకుని, "నిన్న మనం మాట్లాడుకున్యామా, కలొచ్చిందా?" అన్నాడు. మాట్లాడుకున్నాం అని చెప్పాను. దానికే ఎంత సంతోషపడ్డాడో. ఈ ఒక్క మనిషి నాకు నిజం చెబుతాడు అన్నట్టు.

కొడుకు భయపడి తిరుపతికి తీసుకుపోయి తలకు స్కానింగ్ తీయించాడు. కారు నాది. నడిపింది నేను. డాక్టరు ఏమీ లేదన్నాడు. తిరిగి వస్తూ, ఏమీ లేదంటే వయసేలే అని కొడుకు అన్నాడు. నేను అద్దంలో ఓబులేసన్నను చూశాను. బుద్ధిగా కిటికీ పక్క కూర్చుని ఉన్నాడు. నేను చెప్పలేదు. తర్వాత ఇంట్లోవాళ్లు ఆయన దగ్గర బండి తాళాలు తీసేసుకున్నారు.

నేనేం చేశానో వినండి. లారీని మళ్లీ బాగు చేశాను. వేరే మేస్త్రీని పెట్టుకుని. ఎర్ర రంగు వేయించాను. ఇప్పుడు పెళ్లికొడుకులు దాని ముందర నిలబడి ఫోటోలు దిగుతారు. అంతా మీ చేతులతోనే చేశారంట కదా సార్ అంటారు. ఔనంటాను. నా మీద నాకు రోత పుట్టడానికి ఆ ఒక్క ఔను చాలు. కానీ అన్నాను. ప్రతిసారీ అన్నాను. రోతకు కూడా మనిషి అలవాటు పడతాడని నాకు అట్లా తెలిసింది.

ఈ మధ్య ఓబులేసన్నకు మనవరాలు పుట్టింది. చూడటానికి పోయాను. ఆయన గడప దగ్గర కుర్చీలో కూర్చుని పాపను ఒళ్లో పెట్టుకుని ఏదో పాడుతున్నాడు. అంత సంతోషంగా ఆయన్ను చూసి ఏళ్లైంది. లోపలి నుంచి కోడలు వచ్చింది. మంచి పిల్ల, దురుసుతనం లేదు. "ఇట్లియ్యి మామా. నువ్వు మర్చిపోయి యాడన్నా పండబెట్టి పోతావు" అని పాపను తీసుకుంది. ఆయన బాధపడతాడేమో అని చూశాను. పడలేదు. "ఔనమ్మా, తీస్కపో, నన్ను నమ్మగూడదు" అని రెండు చేతులూ తీసి ఇచ్చేశాడు. ఖాళీ చేతులు మోకాళ్ల మీద పెట్టుకుని నా వైపు తిరిగి నవ్వాడు.

ఆయనకు మిగిలిందంతా నేను తినేశానని అప్పుడు అర్థమైంది. కాలు విరిగితే కర్ర ఇస్తారు. ఒక మనిషికి తన మీద తనకున్న నమ్మకం విరగ్గొడితే ఏమిస్తారు?

మరునాడు పొద్దున్నే పోయాను. వదిన అరుగు మీద కూర్చుని చిక్కుడుకాయలు తుంచుతోంది. ఓబులేసన్న పక్కన ఉన్నాడు. నిలబడే చెప్పాను. పిన్ను వేయమని నువ్వు నాకు చెప్పినావు, వేసినానని నేను అబద్ధం చెప్పినాను, ఆసుపత్రిలో మళ్లీ అబద్ధం చెప్పినాను, నీ తలకు ఏమీ కాలేదన్నా, ఎప్పుడూ కాలేదు. మొత్తం చెప్పాను.

ఓబులేసన్న నోరు తెరుచుకుని విన్నాడు. ఆ తర్వాత మెల్లగా నవ్వాడు.

"నువ్వు శానా మంచోడివి అయ్యోరా. నిన్న పాప దగ్గర నా అవస్థ చూసినావు. చూడలేక నీ నెత్తిన ఏసుకుంటాండావు. వద్దులే. నాకు తెల్దా? నేనే మర్చిపోయినా."

"కాదన్నా! నిజం, నా పిల్లల మీద ఒట్టు..."

"అట్ల ఒట్లు పెట్టుకోవద్దప్పా" అని నా చెయ్యి పట్టుకుని పక్కన కూర్చోబెట్టాడు. నన్ను ఓదార్చాడు.

వదిన చేతిలో చిక్కుడుకాయ అట్లాగే ఉంది. ఆమె నన్నే చూస్తోంది.

"ఆపొద్దు ఆసుపత్రిలో ఈయప్ప అడిగినప్పుడు," అంది, "నీకు గ్యాపకం ఉండిందా?"

"ఉండింది వదినా."

"ఆ వరస పెట్టి పిలవాకు."

అంతే అంది. కర్ర అందుకుని, గోడ పట్టుకుని, లేచింది. నేను సాయం పట్టబోయి ఆగిపోయాను. ఒక్కో అడుగు వేసుకుంటూ లోపలికి పోయింది. ఓబులేసన్న నాతో వాన సంగతి మాట్లాడుతున్నాడు, ఈ ఏడు శనగ పండుతుందో లేదో అని.

ఆ ఇంటికి మళ్లీ పోలేదు. ఆమె ఎవరికీ చెప్పినట్టు లేదు. ఎందుకు చెప్పలేదో తెలియదు. మొగుడికి చెప్పి చెప్పి నమ్మిస్తోందేమో అని నాకు ఆశ. మొన్న వీధిలో చూశాను, ఓబులేసన్న తాళం వేసి నాలుగడుగులు పోయి వెనక్కి తిరిగాడు.

ఒక్కటి మిగిలింది, అదీ చెప్పేస్తాను. వాళ్ల అరుగు దిగి ఇంటికి వచ్చిన రోజు, నా గుండె మీది బండ దిగింది. నిజంగా దిగింది. ఆయనకు ఏమీ ఒరగలేదు, ఆమెకు కొత్త గాయం అయింది, నాకు మాత్రం హాయిగా ఉంది. ఆ మధ్యాహ్నం మా ఆవిడ అన్నం పెడితే ఆబగా తిన్నాను. మారు అడిగి వడ్డించుకుని మరీ తిన్నాను.