మునిగిన షెడ్డు మీద సర్వసభ్య సమావేశం

రైతులే నడుపుకునే సహకార సంఘాన్ని గోదావరి మధ్య లంకల్లో చూడాలంటే ఎలా వెళ్ళాలని కొందరు అడిగారు. నేను మొదటిసారి వెళ్ళింది పాఠం చెప్పడానికి. మా ఇంట్లో బడికి వెళ్ళినదాన్ని నేనొక్కదాన్నే. సహకార శిక్షకురాలిగా చేరిన కొత్తలో, సభ్యుల హక్కుల గురించి చెప్పి రమ్మని అలాంటి ఒక లంకకు పంపారు. రాజమండ్రిలో తెల్లవారుజామున మొదటి బస్సెక్కి రావులపాలెంలో దిగాను. టికెట్టు పద్దెనిమిది రూపాయలు. అక్కడి నుంచి రేవుకు షేర్ ఆటోలో ఐదు, పడవకు మూడు.

ధనుర్మాసపు మంచు. పడవ ముందు కొస కూడా కనిపించడం లేదు. గెడ వేస్తూ పడవ నడుపుతున్న అప్పారావుగారు ఉన్నట్టుండి, "తల వంచండి, మంగమ్మగారి కొబ్బరితోటలోంచి వెళ్తున్నాం" అన్నారు. చుట్టూ నీళ్ళే. అయినా వంగాను.

ఆయన నవ్వారు. "చెట్లు ఎప్పుడో గోదాట్లో కలిసిపోయాయండి. నాకు అలవాటు పోలేదు."

"సమావేశం ఎక్కడండీ?"

"సంఘం షెడ్డు దగ్గరండి. వచ్చేశాం. కిందుంది."

వరదకు ఒడ్డు తెగి షెడ్డు మునిగినా, ఏటా సర్వసభ్య సమావేశానికి వాళ్ళు వేరే చోటు చూసుకోలేదు. సరిగ్గా దాని మీదికే పడవలు తెచ్చి, ఒకదానికొకటి కట్టుకుని కూర్చుంటారు. ఆ రోజూ కూర్చున్నారు, కానీ నాకు ఒక్క ముఖమూ కనిపించలేదు. దగ్గులు, చుట్ట వాసన, పడవలు రాసుకునే చప్పుడు, అంతే.

సంఘం అధ్యక్షుడు వీర్రాజుగారి గొంతు వినిపించింది. "మేడమ్ గారూ, చదువుకున్నవారు, మీరే చెప్పండి. సాగు చేసేవాళ్ళే సభ్యులని మా నిబంధన. మంగమ్మ నీళ్ళ కింద ఏం సాగు చేస్తుందండీ, రొయ్యలా?"

మంచులో ఎవరో నవ్వారు.

"నవ్వండి బాబూ, నవ్వండి" అంది మంగమ్మగారు, ఎక్కడో నా వెనక నుంచి. "నా తోట తిన్న గోదారే అవతల కొత్త లంక వేసింది. అందులో నా వంతు నేను అడుగుతున్నాను. తప్పేంటి?"

కొత్తగా లేచిన ఆ భూమిని సంఘం కౌలుకు తీసుకుంది. సభ్యులందరూ సమానంగా పంచుకోవాలి. సభ్యత్వం పోతే మంగమ్మగారికి కూలి పని తప్ప వేరే దారి లేదు.

నిబంధన ఉన్నమాట నిజమేనన్నాను. కానీ దాన్ని మార్చుకునే హక్కూ సభ్యులదే, ఎకరం ఉన్నా పదెకరాలున్నా మనిషికి ఒక్కటే ఓటు అన్నాను. చేతులెత్తితే కనిపించవు కాబట్టి, ఆవిడ ఉండాలనుకునేవాళ్ళు ఎవరి పేరు వాళ్ళు చెప్పమన్నాను.

"మంగమ్మ" అంది ఆవిడే ముందు.

తర్వాత ఏ పడవలోంచీ రెండో పేరు రాలేదు. ఇంతమంది మధ్య ఉన్నానా, లేక ఖాళీ పడవల మధ్యా అనిపించింది. అప్పుడు లంక వైపు నుంచి దభేల్‌మని చప్పుడైంది. ఒడ్డు విరిగి నీళ్ళలో పడింది. కాసేపటికి అల వచ్చి పడవలన్నిటినీ ఊపింది.

"ఎవరిదిరా అది?" అన్నారెవరో మెల్లగా. ఆ మంచులో ఎవరు చెప్పగలరు?

"సూరమ్మ" అంది ఒక గొంతు. "గంగరాజు." "సత్యం." పేర్లు నా చుట్టూ ఒక్కొక్కటిగా లేచాయి. అన్నిటికంటే చివర, "వీర్రాజు."

మంచు విడిచాక అందరూ లేచి నిలబడి ఒడ్డు వైపు చూశారు. ఎవరి పొలం తెగిందో నేను అడగలేదు. మనిషికి ఒక ఓటు అని అప్పటికి నాలుగైదు ఊళ్ళలో చెప్పాను, పుస్తకంలో ఉన్నట్టే. ఆ పేర్లు చెప్పినవాళ్ళలో కొందరైనా మంగమ్మగారి కోసం కాక, రేపు తమ పొలం తెగితే అని తమ కోసమే చెప్పుకున్నారేమో. అలా అనుకున్నా ఆ ఓటు విలువ నాకు తగ్గినట్టు అనిపించలేదు.

మీరు వెళ్తే ఒక్క జాగ్రత్త: ఒడ్డు అంచున నిలబడి ఫోటోలు తీసుకోకండి. పైన గడ్డి పచ్చగానే ఉంటుంది. కింద మట్టి ఉండదు.