కళ్ళు పెట్టని అమ్మవారు

అరవైల చివరి మాట. నెల్లిమర్లలో మిల్లు కార్మికుల వీధి మాది. గోడలన్నిటికీ బొమ్మలు వేయించాలని మా యువజన సంఘం తలపెట్టింది. ఏ గోడకి ఏ బొమ్మో చూసే పని నాది. చివరి గోడ అప్పలనరసమ్మది. ఆమె కన్నవారింటికి వెళ్ళినప్పుడు, మొగుడిని ఒప్పించి, గోడ మీది పిడకలు గీకించేసి అమ్మవారి బొమ్మ మొదలుపెట్టించాను.

ఆ రోజు సాయంత్రం ఒక పెద్ద అధికారి బొమ్మలు చూడ్డానికి వస్తున్నాడు. మధ్యాహ్నానికి కళ్ళు తప్ప అన్నీ అయ్యాయి. అమ్మవారికి కళ్ళు ఆఖర్న పెడతారు; అవి పెడితే బొమ్మలోకి అమ్మవారు వచ్చినట్టే. నేను కాలు నిలవక వీధంతా తిరుగుతుంటే అప్పలనరసమ్మ దిగబడింది.

"ఏటి బాబూ ఇది? కళ్ళెట్టీసినాక అమ్మోరి మీద పేడెలాగ కొడతాను? వానలొచ్చెత్తన్నాయి. పొయ్యిలోకి ఏటెట్టమంటావు?"

బొమ్మలాయన కుంచె పక్కన పెట్టేశాడు. "ఇంటామె ఒప్పుకోకండా నాను కళ్ళెట్టను" అన్నాడు. బతిమాలాను, కసిరాను. ఇద్దరూ వినలేదు. అంతలో జీపు రానే వచ్చింది.

అధికారి ఆ బొమ్మ ముందే ఆగాడు. "దీనికి కళ్ళేవి?" అని నన్నడిగాడు.

"నా పిడకలెండినాక వస్తాయి బాబూ" అంది అప్పలనరసమ్మ. "అందాకా అది ఉట్టి బొమ్మే."

మర్నాటికల్లా బొమ్మ నడుము దాకా పిడకలే, ఒక్కోదాని మీదా ఆమె వేళ్ళ అచ్చులు. తర్వాత వానలకు రంగులన్నీ కారిపోయాయి. కళ్ళు పెట్టే రోజు రానేలేదు. ఇప్పటికీ ఖాళీ గోడ కనిపిస్తే రంగులు తట్టవు నాకు. దాని మీద ఎవరి చేతివేళ్ళ అచ్చులున్నాయా అని దగ్గరికెళ్ళి చూస్తాను.