బోరు నీళ్లకు ముందు

మొన్న ధర్మవరంలో, నేనిప్పుడు పనిచేసే వర్క్‌షాపు గేటు ముందు ఒక మినీ లారీ వచ్చి ఆగింది. డ్రైవరు ఇంజిన్ ఆపకుండానే దిగి, టీ కోసం ఎదురుగా ఉన్న కొట్టుకు పోయాడు. సైలెన్సర్ లోంచి తెల్లటి పొగ వస్తోంది. ఆ పొగతో పాటు, బెల్లం పాకం అడుగంటినప్పుడు వచ్చేలాంటి తియ్యటి కమురు వాసన. పక్కనున్న వాళ్లెవరూ పట్టించుకోలేదు. నేను మాత్రం కౌంటరు వదిలి, డ్రైవరు కోసం కొట్టు వైపు నడిచాను. అది ఇంజిన్ను చల్లబరిచే కూలెంట్ నీళ్లు లోపల కాలుతున్న వాసన. ఆ వాసన గుర్తుపట్టడం నాకు నేర్పింది ప్రభుదాస్ సార్. అది తగిలినప్పుడల్లా ఆయనతో పాటు తిప్పన్న ముఖం కూడా గుర్తొస్తుంది. ఆ ముఖం గుర్తొస్తే ఇప్పటికీ నాకు సిగ్గుగానే ఉంటుంది.

సార్ హిందూపురంలో ఒక వాహనాల కంపెనీ డీలరు వర్క్‌షాపుకు మేనేజరు. సొంత ఊరు పెనుకొండ. రోజూ పొద్దున రైల్లో వచ్చి సాయంత్రం రైల్లో పోయేవారు. ఆదివారం చర్చి తప్ప ఆయనకు వేరే వ్యాపకం ఉన్నట్టు నేను చూడలేదు. సన్నగా, నల్లగా ఉండేవారు. గొంతు పెద్దది, కోపం ఇంకా పెద్దది. మెకానిక్కులు ఆయన ముందు స్పానరు కింద పడెయ్యడానికి కూడా భయపడేవాళ్లు. నేను డిప్లొమా చదివి అక్కడ సర్వీస్ అడ్వైజరుగా చేరాను. అంటే వచ్చిన బండి కష్టం విని, జాబ్ కార్డు రాసి, సంతకం తీసుకుని, బండిని లోపలికి పంపే పని. ఆ కౌంటర్లో కూర్చున్న మొదటి ఆడపిల్లను నేనే కాబట్టి అందరికంటే చురుగ్గా చెయ్యాలనే పంతం ఉండేది. ఎన్ని బండ్లు ఎంత తొందరగా లోపలికి పంపానన్నదే నా గొప్ప.

ఆ తొందరకు అడ్డంగా సార్ పెట్టిన నియమం ఒకటుండేది. కంపెనీ కంప్యూటర్లో ఫిర్యాదులన్నీ ఇంగ్లీషులో ఒక వరుసగా ఉంటాయి, అందులో ఒకటి ఎంచుకుంటే చాలు. సార్ మాత్రం దానికంటే ముందు, కాగితం కార్డు మీద, బండి యజమాని ఏమన్నాడో ఆయన మాటల్లోనే తెలుగులో రెండు వాక్యాలు రాయమనేవారు. రాసింది చదివి వినిపించి, అప్పుడు సంతకం తీసుకోవాలి. ఒకసారి ఓబులదేవరచెరువు నుంచి వచ్చిన ఒక పెద్దాయన, "బండి మా అత్త మాదిరి లోపల్లోపలే గొణుగుతాండాదమ్మా" అన్నాడు. నేను నవ్వి, 'శబ్దం' అని రాసి ఊరుకున్నాను. సార్ కార్డు చూసి నా ముందు పెట్టారు.

"గొణుగుతాండాది అన్న్యాడా, అరుస్తాండాది అన్న్యాడా?"

"గొణుగుతాండాది అన్నాడు సార్."

"అట్లే రాయి. అత్తను కూడా రాయి. రేపు ఎవరన్నా అడిగితే ఆయప్ప మాట ఉండల్ల గానీ నీ మాట కాదు."

నేను అత్తను కూడా రాశాను. సార్ వెళ్లాక మేమంతా ఆ కార్డు చూసి పడీ పడీ నవ్వుకున్నాం. రద్దీ రోజుల్లో మాత్రం నేను, నాతో పాటు కౌంటర్లో ఉన్నవాళ్లు, సార్ చూడకుండా ఖాళీ కార్డు మీదే సంతకం తీసుకుని తర్వాత తీరిగ్గా నింపుకునేవాళ్లం. రైతులు, డ్రైవర్లు ఎక్కడ పెట్టమంటే అక్కడ పెట్టేవాళ్లు. అది తప్పని ఎవరికీ తోచలేదు.

అలాంటి ఒక రోజు తిప్పన్న మొదటి సర్వీసుకు వచ్చాడు. గుడిబండ మనిషి. కొత్త డీజిల్ మినీ లారీ కొని, చుట్టుపక్కల రైతుల పట్టుగూళ్లు మార్కెట్టుకు తోలేవాడు. ఆ బండే వాళ్ల ఇంటికి అన్నం.

"నీల్లు తగ్గతాండాయమ్మా," అన్నాడు. "కిందికి సుక్క పడల్యా. యాడికి పోతాండాయో తెలీడంల్యా."

"కొత్త బండి కదన్నా, మొదట్లో అట్లే ఉంటుంది. కూలెంట్ పోసిస్తాం లే," అన్నాను. ఖాళీ కార్డు మీద సంతకం తీసుకున్నాను. తర్వాత కంప్యూటర్లో 'జనరల్ చెకప్' అని ఎంచుకుని, కార్డు మీదా అదే రాసి, కూలెంట్ పోసినట్టు ఒక టిక్కు పెట్టాను. ఆయన మాటలు రాయలేదు.

కొన్ని నెలలకు ఆ బండిని ఇంకో లారీ వెనక కట్టి లాక్కొచ్చారు. హిందూపురంలో ధర పడిపోయిందని తిప్పన్న గూళ్లు వేసుకుని ధర్మవరం పోతుంటే, పెనుకొండ దగ్గర ఎత్తు ఎక్కుతుండగా ఇంజిన్ పట్టేసి బండి ఆగిపోయింది. మండుటెండ. ఇంకో బండి దొరికేలోపు టార్పాలిన్ కింద గూళ్లు ఉడికిపోయాయి. అవి ఆయన గూళ్లు కావు, నమ్మి ఎక్కించిన రైతులవి. వర్క్‌షాపులో తిప్పన్న చొక్కా మొత్తం చెమటతో తడిసి, మాట కూడా సరిగా రాక, బండి చుట్టూ తిరుగుతూనే ఉన్నాడు.

ఇంజిన్ విప్పితే లోపల నీళ్లు తిరిగే దారులన్నీ తెల్లగా సున్నం పట్టి ఉన్నాయి. మా వైపు బోరు నీళ్లు నాలుగు రోజులు కాచిన గిన్నెకు పట్టే పొర లాంటిదే అది. తిప్పన్న దాచలేదు. నీళ్లు తగ్గినప్పుడల్లా పొలాల దగ్గర బోరు నీళ్లు పట్టి పోశానని చెప్పాడు. సార్ అక్కడితో ఆగలేదు. పొగలో కొంత భాగాన్ని చల్లార్చి మళ్లీ ఇంజిన్లోకి పంపే చిన్న కూలర్ ఒకటుంటుంది. దాన్ని ఊడదీయించి, మూతులు బిగించి, గాలి పట్టించి, నీళ్ల తొట్టిలో ముంచారు. ఒక మూల నుంచి సన్నగా బుడగలు వచ్చాయి. లోపల ఎక్కడో పగిలింది. కూలెంట్ అక్కడి నుంచి పొగలోకి పోయి కాలిపోతోంది. అందుకే కింద చుక్క పడలేదు.

వారం తర్వాత కంపెనీ వారంటీ ఇంజినీరు బెంగళూరు నుంచి వచ్చాడు. ఇస్త్రీ చొక్కా, మెత్తటి మాట. సున్నం పొరను నాలుగు వైపుల నుంచి ఫొటో తీసుకున్నాడు. మా డీలరు కూడా వచ్చి చేతులు కట్టుకుని నిలబడ్డాడు.

"క్లియర్ కేసు సార్. బోరు వాటర్ పోశాడు, జామ్ అయింది, హీట్ అయింది, కూలర్ కూడా దానివల్లే పగిలింది. ఓనర్ నెగ్లిజెన్స్. వారంటీ రాదు," అన్నాడు ఇంజినీరు.

"బోరు నీల్లు ఎందుకు పోసినాడు?" అన్నారు సార్. "లోపల నీల్లు ఉండింటే ఎవరన్నా నీల్లు పోస్తారా? కూలర్ ముందు పగిలింది. నీల్లు తర్వాత పోసినాడు."

"ముందు, తర్వాత అని మీరు చెప్తే సరిపోదు కదా సార్. రికార్డులో ఉందా?"

తిప్పన్న గబుక్కున ముందుకొచ్చాడు. "నేను మొదటి సర్వీసులోనే చెప్పినా సార్! ఈయమ్మకే చెప్పినా. నీల్లు తగ్గతాండాయని. అడగండి."

అందరూ నా వైపు తిరిగారు. డీలరు చూపు నా మీదే ఉంది. కార్డు నేనే తెచ్చి ఇచ్చాను. అందులో తిప్పన్న సంతకం ఉంది, 'జనరల్ చెకప్' ఉంది, టిక్కు ఉంది. నేను నోరు తెరిచి ఒక్క ముక్క చెబితే సరిపోయేది.  ఖాళీ కార్డు సంగతి బయటపడితే ఉద్యోగం ఉండదు, ఇంట్లో నాయనకు ఏం చెప్పాలి అన్న ఆలోచన ఒక్కటే తిరిగింది. తల దించుకున్నాను.

"లేదు కదా," అన్నాడు ఇంజినీరు, కార్డు ఫొటో తీసుకుంటూ. "అందరూ తర్వాత ఇట్లాగే చెప్తారు."

తిప్పన్న నన్ను తిట్టలేదు. కొంచెంసేపు నన్నే చూసి, బయటికి వెళ్లి గోడ నీడలో కూర్చున్నాడు. తిట్టి ఉంటే నాకు కాస్త నయంగా ఉండేది.

మధ్యాహ్నం సార్ తన టిఫిన్ డబ్బా విప్పకుండా నన్ను పిలిచారు. అరుస్తారనుకున్నాను. గొంతు తగ్గించి అడిగారు.

"చెప్పినాడా, లేదా?"

"చెప్పినాడు సార్." ఏడుపొచ్చింది. "ఖాళీ కార్డు మీద సంతకం తీసుకున్నా. రాయలేదు."

"ఇప్పుడు రాసిస్తావా?"

"రాస్తే నా ఉద్యోగం పోతుందా సార్?"

"పోవచ్చు. పోదని నేను అబద్ధం చెప్పను. నువ్వు రాయకున్నా నిన్నేమీ అనను. కాని నాకు తెలిసింది కదా, నేను ఊరికే ఉండలేను."

ఆయన నా ముందే తెల్లకాగితం తీసుకుని రాయడం మొదలుపెట్టారు. నా పేరు ఎక్కడా లేదు. 'నా వర్క్‌షాపులో ఖాళీ కార్డుల మీద సంతకాలు తీసుకున్నారు. చూసుకోవలసిన బాధ్యత నాది, చూసుకోలేదు. యజమాని మొదటి సర్వీసులోనే నీళ్లు తగ్గుతున్నాయని చెప్పిన మాట నిజం' అని రాసి సంతకం పెట్టారు. తప్పు నాది, సంతకం ఆయనది. ఆ కాగితం చూస్తూ కూర్చోవడం నా వల్ల కాలేదు. ఇంకో కాగితం అడిగి నాది నేను రాసిచ్చాను. 

సార్ అంతటితో వదల్లేదు. పాత కార్డులన్నీ తిరగేశారు. అదే రకం బండి, అదే 'నీల్లు తగ్గతాండాయి' అన్న మాట, యజమానుల నోటి మాటగా రాసినవి ఇంకో రెండు దొరికాయి. ఒకటి తాడిమర్రి బండిది. నేను నవ్వుకున్న ఆ నియమం వల్లే అవి మిగిలాయి. ఆయన వాటి నకళ్లు, మా ఇద్దరి కాగితాలు జతచేసి కంపెనీకి ఉత్తరం రాశారు. ఈ కూలర్ ఉన్న బండ్ల యజమానులందరికీ కబురు పంపాలని, ఇంజిన్ పోకముందే కూలర్ మార్చివ్వాలని అడిగారు.

"అమ్మేటప్పుడు ఇంటింటికీ పోయి పిలిచిరి కదా," అని డీలరుతో గొడవపడ్డారు. "ఇప్పుడు ఒక ఉత్తరం రాసేదానికి ఏమొచ్చె?"

ఆ ఉత్తరానికి జవాబు రాలేదు. తిప్పన్నకు మాత్రం కంపెనీ నుంచి ఒక కాగితం వచ్చింది. దయతలచి కొత్త ఇంజిన్ ఇస్తున్నామని, తయారీలో లోపం లేదని, ఈ సంగతి బయట ఎవరికీ చెప్పనని ఆయన సంతకం పెట్టాలని. తిప్పన్న కాగితం పట్టుకుని సార్ వైపు చూశాడు.

"పెట్టప్పా," అన్నారు సార్. "నీకు బండి కావల్ల. ఇంట్లో పొయ్యి వెలగల్ల."

తిప్పన్న సంతకం పెట్టాడు. బండి వెళ్లిపోయింది. కథ ముగిసిందనుకుని నేను ఊపిరి పీల్చుకున్నాను. నెల తర్వాత తిప్పన్న ఏదో చిన్న పని మీద వచ్చినప్పుడు సార్ అడిగారు, "లోడ్లు బాగా వస్తాండాయా?"

"యాడొస్తాయి సార్. బోరు నీల్లు పోసి ఇంజిన్ కాల్చినోడు, మన గూళ్లు ఉడకబెట్టినోడు అంటాండారు. కంపెనీవోళ్లే చెప్పినారంట. నేను నోరెత్తేదానికి ల్యా, సంతకం పెట్టినా కదా."

 మరుసటి ఆదివారం చర్చి అయిపోగానే పెనుకొండ నుంచి వచ్చి, నన్ను మోటారు సైకిలు మీద గుడిబండకు తీసుకెళ్లారు. దారిలో నేను అడిగాను, "కంపెనీకి తెలిస్తే?"

"నోరు మూసుకుంటానని సంతకం పెట్టింది తిప్పన్న. నేను పెట్టల్యా," అన్నారు.

పట్టుపురుగుల షెడ్డు దగ్గర పది పన్నెండు మంది రైతులు ఉన్నారు. మల్బరీ ఆకు వేస్తూ, మమ్మల్ని ఎగాదిగా చూశారు. తిప్పన్న, ఆయన భార్య ఒక పక్కన నిలబడ్డారు. సార్ కూలర్ సంగతి మామూలు మాటల్లో చెప్పారు. "ఏమప్పా, ఇంట్లో కుండ కారుతుంటే నీల్లు పోస్తామా లేదా? పోసినోడు కుండ పగలగొట్టినట్టా?" అని అడిగారు. ఒకాయన ఎదురు తిరిగాడు. "అట్లయితే బండి చెడిపోతాండాదని ముందే చెప్పల్ల కదా సార్?"

సార్ పక్కకు జరిగి నిలబడ్డారు. నా వైపు చూడలేదు. అక్కడ ఆ మాట చెప్పగలిగింది నేను ఒక్కదాన్నే అని నాకు తెలుసు.

"ముందే చెప్పినాడు," అన్నాను. "నాకే చెప్పినాడు. నేనే రాయలేదు. అందరి ముందర అడిగినప్పుడు కూడా నేను తల దించుకున్యా. ఆయన అబద్ధం చెప్పలేదు."

 ఎదురు తిరిగిన ఆయన తలగుడ్డ విప్పి దులుపుకుంటూ, "ఏమబ్బా తిప్పన్నా, బుధవారం నా గూళ్లు దిగుతాయి, రా," అన్నాడు. తిప్పన్న తల ఊపాడు. మేము బయల్దేరుతుంటే ఆయన భార్య నా దగ్గరికి వచ్చింది. మంచినీళ్ల చెంబు నా చేతికిచ్చి, నేను తాగేదాకా ఆగి, అంది:

"ఈ మాట ఆ పొద్దే చెప్పింటే, ఆయప్ప ఇన్ని దినాలు అన్నం ముందర కూచుని లేచిపోయేవాడు కాదు కదమ్మా."

తిరుగు దారిలో, ఆమె నన్ను క్షమించినట్టేనా అని సార్‌ను అడిగాను. "అది ఆమె ఇష్టం. నువ్వు చెప్పాల్సింది చెప్పినావు," అన్నారు, అంతే. ఆ నెలలోనే ఆయన్ను స్పేర్ పార్ట్స్ గోడౌనుకు మార్చారు. ఆయన రాజీనామా చేసి పెనుకొండలో చిన్న షెడ్డు పెట్టుకున్నారు. అక్కడ బండ్లు బాగుచేస్తూనే రెండేళ్ల కిందట పోయారు. నాకు ఉద్యోగం ఎందుకు పోలేదో నాకు తెలియదు. తప్పు తనదేనని ఆయన రాసిన కాగితం నా కాగితానికి అడ్డం నిలబడిందని తర్వాత ఎవరో అన్నారు. ఆయన్ను అడిగితే మాట మార్చేశారు.

ఆమె నన్ను క్షమించిందో లేదో ఇప్పటికీ తెలియదు. ఇప్పుడు కూడా కంపెనీ మనిషి ఎవరైనా నా కౌంటరు ముందు నిలబడి, "రికార్డులో ఉందా?" అని అడిగితే నాకు భయం వేస్తుంది. అప్పటి భయమే, ఏమీ తగ్గలేదు. అయినా తల మాత్రం దించను.