కెమెరాకి కనిపించని పక్క

మొన్న ఆదివారం మా మనవరాలు ఆఫీసువాళ్లతో కలిసి ఊరి బయట పెయింట్‌బాల్ అనే రంగుగుళ్ల తుపాకుల ఆట ఆడి వచ్చి, ఫోనులో ఫోటోలు చూపించింది. బట్టలనిండా పసుపూ నీలమూ మరకలతో తను నవ్వుతూ ఉంటే, నేను ఫోటోని వేళ్లతో పెద్దది చేసి, తుపాకి వెనక భుజానికి ఆనించుకునే మడమనే చూస్తూ కూర్చున్నాను. "తాతయ్యా, నేనిక్కడున్నాను!" అని ఫోను లాక్కుంది. చేసిన పని ఎక్కడైనా కనబడుతుందేమోనని వెతుక్కునే ఈ పిచ్చి నా వయసువాళ్లందరికీ కాస్తో కూస్తో ఉండేదే.

ఎనభైల్లో సినిమాలు మద్రాసు వదిలి ఒక్కొక్కటిగా ఇటు వస్తున్నప్పుడు, మా అక్కా బావా కూడా వాటి వెంటే వచ్చి మోతీనగర్‌లో ఒక రేకుల షెడ్డు అద్దెకు తీసుకున్నారు. బావ సినిమాలకి ఫైబరుతో ఉత్తుత్తి కత్తులు, గదలు, తుపాకులు చేసేవాడు. మధురానగర్‌లో ఉంటూ డ్రాఫ్ట్స్‌మన్‌గా ఉద్యోగం చేసుకునే నేను, సాయంత్రాలు వెళ్లి కొలతలతో బొమ్మలు గీసి ఇచ్చేవాణ్ణి. ఇంటికొచ్చి ఆనాటి పని డైరీలో రాసుకుంటే తప్ప నాకు తోచేది కాదు. ఆ అలవాటు ఇప్పటికీ పోలేదు.

తొంభైల చివరికి వచ్చేసరికి అలాంటి సామాను బొంబాయి నుంచి అద్దెకి దొరకడం మొదలై బావకి పని పలచబడింది. షెడ్డు మూసేసి తన తమ్ముడి ఎరువుల కొట్లో కూర్చుంటానని ఆయన అన్నప్పుడల్లా అక్క లేచి లోపలికి వెళ్లిపోయేది. సరిగ్గా ఆ రోజుల్లోనే, జూబ్లీ హిల్స్‌లో ఉండే ఒక నిర్మాతగారి అల్లుడు ఈ రంగుగుళ్ల తుపాకులు విదేశం నుంచి తెప్పించి, ఫిల్మ్ నగర్ వెనక బండరాళ్ల మధ్య ఆటస్థలం పెడుతున్నానని కబురు చేశాడు. ఆ తుపాకులు పైపు ముక్కల్లా ఉన్నాయనీ, డబ్బిచ్చి ఆడేవాడికి సినిమా హీరో తుపాకి పట్టుకున్నట్టుండాలనీ, వాటికి మంచి మడమలు చేసిస్తే తనకే కాక బెంగుళూరు స్నేహితులకి కూడా తీసుకుంటాననీ ఆయన మాట. షెడ్డు నిలవడానికి మాకు మిగిలిన దారి అదొక్కటే.

చిక్కల్లా, మడమ ఉండాల్సిన చోటే గుళ్లని తోసే గ్యాసు సీసా ఉంటుంది. సీసా విప్పుకునే వీలుండాలి, బరువెక్కకూడదు. నేను టేపు పట్టుకుని చుట్టుపక్కలవాళ్ల భుజాలన్నీ కొలుస్తుంటే, ఉద్యోగం మానేసి టైలరు షాపు పెడుతున్నాననుకున్నారు. చివరికి సీసా మీద తొడుగులా జారి, ఒక్క మరతో బిగిసే మడమ కాగితం మీద కుదిరింది. బావ అచ్చు పోశాడు, అక్క వెనక రెగ్జిన్ మెత్త కుట్టింది. బోరబండ నుంచి వచ్చే మా పెయింటరు రంగు వేసి, అచ్చం టేకు చెక్కలా గీతలు దించి, "జర జూడుండ్రి సార్, గిది అసలుదే అంటరు" అని మురిసిపోయాడు.

చూపించడానికి వెళ్లినరోజు ఆ అల్లుడుగారు కూడా అలాగే మురిసి, ఆటలో ముఖానికి తొడుక్కునే ముసుగైనా పెట్టుకోకుండా, ఊరికే గురి చూద్దామని చెంప ఆనించి, "అబ్బా!" అని వదిలేశాడు. చెంపంతా ఫైబరు నూగు గుచ్చుకుని ఎర్రబడింది. ఆయన భార్య మడమని తిప్పి చూసి, "ఇదేంటి మాస్టారూ, ఒక పక్కే చేసుకొచ్చారు?" అంది. బావ అమాయకంగా, "అటు పక్క కెమెరా ఉండదు కదండీ" అన్నాడు.

నేను తల దించుకున్నాను. సినిమా సామానంతా అంతే. కనిపించే వైపే నునుపు, రెండోవైపు పచ్చి ఫైబరు. పైగా మా హీరోలు నడుం దగ్గర పెట్టుకునే కాల్చేస్తారు, చెంప ఆనించినవాళ్లెవరు? అల్లుడుగారు విసుగ్గా కారు వైపు నడిచాడు. ఆయన భార్య మాత్రం నవ్వి నవ్వి కళ్లు తుడుచుకుంటూ, "ఇక్కడ ఆడేవాళ్లకి చెంపలుంటాయి మాస్టారూ! రెండో పక్క కూడా చేసుకుని రండి, ఈయనకి నేను చెబుతాను" అంది.

మర్నాడు పొద్దున్నే బావ ఎరువుల కొట్టు ఊసెత్తకుండా రెండు పక్కలకీ కొత్త అచ్చు తీశాడు. తడిపిన ఉప్పుకాగితంతో రుద్ది రుద్ది అక్క ముందు పెడితే, ఆవిడ చెంప ఆనించి చూసి, "ఇంకా గీసుకుంటోంది, మళ్లీ రుద్దండి" అనేది. ఆవిడ చెంప సరేనన్న మడమలే ఫిల్మ్ నగర్ ఆటస్థలానికి వెళ్లాయి, తర్వాత పెట్టెల్లో బెంగుళూరు కూడా వెళ్లాయి. షెడ్డు నిలిచింది. అప్పటినుంచి బావ సినిమా కత్తులు కూడా రెండు వైపులా నున్నగా చేస్తుంటే, సెట్టులో కుర్ర అసిస్టెంట్లు నవ్వేవాళ్లు.

ఇప్పుడు బావ లేడు, షెడ్డున్నచోట అపార్ట్‌మెంటు లేచింది. తెరమీద ఆయుధాలు కూడా చాలావరకు కంప్యూటర్లో పుడుతున్నాయట. వాటికి తడిమి చూడ్డానికి ఏ పక్కా ఉండదు. ఆ ఆదివారం సాయంత్రం మనవరాలిని, ఆ ఫోటోలోని మడమ అటుపక్క ఎలా ఉందమ్మా అని అడిగాను. వింతగా చూసి, అరచేతిని గాల్లో అలా జార్చి, "నున్నగానే ఉంది తాతయ్యా" అంది. ఎక్కడో ఏ ఊళ్లోనో ఎవరో దాన్ని చెంపకి ఆనించి చూసే పంపి ఉంటారు.