డిస్కు అని చెప్పాను

తిరువూరులో మందుల షాపు మేడ మీద ఉన్న ఫిజియోథెరపీ గదిలో ఎవరి గుట్టూ దాగదు. ప్యాంటు మోకాళ్ళ పైకి మడిచి, నేల మీద పెయింటుతో గీసిన గీత వెంబడి తాగినవాడిలా తూలుతూ నడవాలి. పక్కన పక్షవాతం వచ్చిన పెద్దాయన రబ్బరు బంతి పిసుకుతూ మనల్నే చూస్తుంటాడు. కొత్తగా ఎవరొచ్చినా ముందు ఆయన అడిగేది "మీకేంటండీ?" అనే. ఆ ప్రశ్న వింటే నాకు ఒళ్ళు మండేది.

అడిగినవాళ్ళందరికీ "డిస్కు" అని చెప్పేవాణ్ణి. నాది మల్టిపుల్ స్క్లీరోసిస్. కరెంటు తీగకు తొడుగు ఊడినట్టు నరాల మీది పొర దెబ్బతింటుందని విజయవాడ డాక్టరు చెప్పాడు. ఆ సంగతి మా ఇంట్లోవాళ్ళకూ, ఫిజియో అమ్మాయికీ తప్ప ఎవరికీ తెలియదు. నేను హైస్కూల్లో లెక్కలు చెబుతాను. జబ్బు పేరు పొక్కితే పిల్లలు జాలిపడతారు, జాలిపడితే పాఠం వినరు. నడుం నొప్పయితే మర్యాదగా ఉంటుంది.

ఎండలు ముదురుతుండగా పెనుగొలను నుంచి ఒకమ్మాయి అత్తగారిని వెంటబెట్టుకొని రావడం మొదలుపెట్టింది. ఇద్దరూ మిరపకోతలకు వెళ్ళే మనుషులు. ఆ పిల్లదీ నా జబ్బే. ఫిజియో అమ్మాయి ఆ పేరు పలకగానే నేను మొహం గోడవైపు తిప్పుకున్నాను.

"పొద్దున్నే ఇల్లు ఊడుస్తది, వంట చేస్తది. పన్నెండయ్యేసరికి చేలో కూలబడుద్ది. గంట చూసుకుని వచ్చే జబ్బు ఏంటండీ?" అంది అత్తగారు.

వేడికి నరాలు మొరాయిస్తాయని ఫిజియో అమ్మాయి చెప్పింది. నిన్నగాక మొన్న చదువు ముగించిన పిల్ల మాట ఆమెకు ఆనలేదు. అప్పుడు కోడలు నావైపు తిరిగింది. ఆమె మెడ చుట్టూ ఉన్నట్టే నా మెడ చుట్టూ కూడా తడి తువ్వాలు ఉంది.

"సార్, మీకు కూడా ఎండకి ఇట్టాగే అవుద్దా అండీ?"

అవుతుంది. ఎండాకాలం పొద్దెక్కాక క్లాసులు కుర్చీలో కూర్చునే చెబుతాను. "అవునమ్మా" అంటే ఆ పిల్లకు ఎండ బాధ తప్పేది. కానీ పెద్దాయన బంతి పిసకడం ఆపి ఇటు చూస్తున్నాడు. ఆయన మనవరాలు నా క్లాసే.

"లేదమ్మా, నాది డిస్కు" అన్నాను.

"విన్నావా? ఎండకి కూలబడేది నువ్వొక్కదానివే" అంది అత్తగారు కోడలితో. ఫిజియో అమ్మాయి నన్ను ఒక్క చూపు చూసి పనిలో పడింది.

తర్వాతి వారం వాళ్ళు రాలేదు. ఆటో దొరకలేదేమోనని సర్దిచెప్పుకున్నాను. నాదెంత దొంగబుద్ధో నాకు తెలుస్తూనే ఉంది.

మూడు వారాలకు వచ్చారు. ఆ పిల్ల కుడిచేతికి సిమెంటుకట్టు. కోతకు వెళ్ళి, మిట్టమధ్యాహ్నం కాళ్ళు తేలిపోయి గట్టు మీద పడిందట. మణికట్టు విరిగింది. నడక నేర్చుకోవాలంటే గదిలో అటూ ఇటూ బిగించిన కడ్డీలు రెండు చేతులా పట్టుకోవాలి. ఇప్పుడు అదీ కుదరదు.

నేను లేచి వాళ్ళ దగ్గరికి వెళ్ళాను. "అమ్మా, నాదీ మీ కోడలి జబ్బే. ఎండకి నాకూ ఇలాగే అవుతుంది. ఆ రోజు అబద్ధం చెప్పాను" అన్నాను. గదిలో అందరికీ వినబడింది. తిడుతుందనుకున్నాను, తిట్టించుకోవాలనే ఉంది నాకు.

ఆమె తిట్టలేదు. కొంగుతో కళ్ళు తుడుచుకుంది. "చదువు చెప్పే సారు మీరు. ఆ రోజు ఒక్క మాట అంటే నమ్మేదాన్ని కదండీ. నేనే తోలాను దీన్ని చేలోకి."

కోడలు తను కూర్చున్న బెంచీ మీద ఎడమచేత్తో ఊతం తీసుకొని, పక్కకు జరిగింది.

"కూర్చోండి సార్. మీ కాళ్ళు వణుకుతున్నాయి."

ఆ గదిలో అది కనిపెట్టింది ఆ పిల్ల ఒక్కతే. ఆమె మొహం చూడలేక, తల దించుకొని పక్కన కూర్చున్నాను.