ఆగిపోయే పెట్టె

జూనియర్ ఆర్టిస్టులు పొద్దున్నే బండ్ల కోసం నిలబడే కృష్ణానగర్ కూడలి వెనక, ఒక ఇరుకు మేడమీద పుష్పవల్లి గది. ఆమె సినిమా స్క్రిప్టులు టైపు చేస్తుంది. గదిలో ఒక బల్ల, రెండు కుర్చీలు, ప్రింటర్, పాత కంప్యూటర్.

ఫిల్మ్‌నగర్‌లో ఒక ఎడిటింగ్ గది మూతపడినప్పుడు ఆ కంప్యూటర్ ఆమె దగ్గరికి వచ్చింది. ఆమె వేళ్లకు తెలిసిన తెలుగు ఫాంటు అందులోనే నడుస్తుంది. కొత్త వాటిలోకి ఎక్కదు. బోరబండ నుంచి రోజూ నడిచి వచ్చి, యూసుఫ్‌గూడలో టైపు మిషను మీద నేర్చుకున్న వేళ్లు అవి. మార్చుకోమని చాలామంది చెప్పారు. ఆమె ప్రయత్నించింది కూడా. కొత్త కీబోర్డు మీద ఆమె రాసిన మొదటి పేజీ ఎవరో చిన్నపిల్ల రాసినట్టు వచ్చింది. చించేసింది.

ఇప్పుడు ఆ కంప్యూటర్ ఆగిపోతోంది.

చెప్పి ఆగదు. ఒక్కోసారి తెర మీద అక్షరాలు ఉన్నచోటే బిగుసుకుపోతాయి. ఒక్కోసారి నీలం తెర వస్తుంది. ఎక్కువసార్లు దీపం ఆర్పినట్టు మొత్తం నల్లబడుతుంది. కాసేపాగి బటన్ నొక్కితే ఏమీ ఎరగనట్టు లేస్తుంది.

కింది గల్లీలో రిపేరు దుకాణం నడిపే జగదీశ్ చాలాసార్లు వచ్చాడు. వేరే స్విచ్చు బోర్డు నుంచి కరెంటు ఇచ్చాడు. మెమరీ ముక్క ఊడదీసి రబ్బరుతో రుద్ది పెట్టాడు. కరెంటు డబ్బా మార్చాడు. వైరస్ ఉందేమోనని అంతా తుడిచి మళ్లీ ఎక్కించాడు. ప్రతిసారీ ఒక పూట బాగుండేది. లోపల ఫ్యాను తిరుగుతోంది కదా అని దాని జోలికి మాత్రం పోలేదు.

"అక్కా, దీన్ని ఇడిసిపెట్టు. దీనికి పింఛను ఇయ్యాల్సిన వయసొచ్చింది."

"ఇడిసిపెట్టి ఏం జెయ్యాలె? నువ్వు తిండి పెడ్తవా?"

"తిండి పెడ్త గని, దీనికి ప్రాణం నేనేడకెళ్లి తెస్త?"

ఆ వీధుల్లో పూజ లేకుండా ఏ పనీ మొదలుకాదు. కెమెరాకు కొబ్బరికాయ కొడతారు. లైట్లకు గుమ్మడికాయ తిప్పుతారు. స్క్రిప్టును దేవుడి పాదాల దగ్గర పెట్టి తెస్తారు. పుష్పవల్లి కూడా పొద్దున్నే కంప్యూటర్ పెట్టెకు బొట్టు పెట్టి, దాని ముందు అగరుబత్తి వెలిగించేది. పెట్టె ముందువైపు చిన్న చిన్న రంధ్రాలున్నాయి. పొగ సన్నగా లేచి, వంగి, ఆ రంధ్రాల్లోకి పోయేది. లోపల ఎవరో తీసుకుంటున్నట్టు ఉండేది. ఆ కాస్సేపు ఆమె చేతులు జోడించి చూస్తూ నిలబడేది.

ఆగిపోవడం మొదలయ్యాక దిష్టి తగిలిందనుకుంది. అగరుబత్తులు రెండయ్యాయి. తర్వాత సాంబ్రాణి వచ్చింది. ఆగిపోవడం ఎక్కువైంది. సాంబ్రాణీ ఎక్కువైంది.

ఆ రోజు సూర్యప్రకాశరావుగారు పొద్దున్నే వచ్చారు. మాటల రచయిత. చాలా కాలం ఖాళీగా ఉండి, మళ్లీ ఒక సినిమా దొరికిన మనిషి. సినిమా అంతా డైరెక్టరుకు నచ్చింది, చివరి సీను తప్ప. తండ్రి శవం ముందు కూతురు మాట్లాడే సీను. అది సాయంత్రంలోగా జూబ్లీహిల్స్ ఆఫీసుకు చేరాలి. మర్నాడు స్క్రిప్టు ఫిల్మ్‌నగర్ గుడికి వెళుతుంది. సీను కుదరకపోతే ఇంకో రచయిత సిద్ధంగా ఉన్నాడు. అప్పుడు తెర మీద పేరు అతనిది.

"ఏవమ్మా, మీ పెట్టెగారి ఆరోగ్యం ఎలా ఉంది?"

"మంచిగుంది సార్. పొద్దుగాలనే సాంబ్రాణి ఏసిన."

"అయితే కాస్త మా నిర్మాతకీ పొట్లం కట్టివ్వు. ఆయనా మధ్యలో ఆగిపోతున్నాడు."

ఆయన కాగితం మీద రాయరు. నడుస్తూ చెబుతారు. ఫోనులో రికార్డు చేద్దామని ఒకసారి ఆమె అంటే, ఫోను వైపు చూసి మూగవాడిలా నిలబడ్డారు. కీబోర్డు చప్పుడు వింటేనే ఆయనకు మాట వస్తుంది. చప్పుడు ఆగితే మాటా ఆగుతుంది.

ఎండ కిటికీలోంచి బల్ల మీదికి వచ్చే దాకా ఏమీ రాలేదు. చెప్పారు, చెరిపించారు. కంప్యూటర్ ఆగింది, లేచింది. ఆయన కుర్చీలో కూర్చుని కళ్లు మూసుకున్నారు. తర్వాత లేవకుండానే, చాలా చిన్న గొంతుతో మొదలుపెట్టారు.

ఆ గొంతు ఆయనది కాదు. ఆ కూతురిది.

పుష్పవల్లి వేళ్లు పరుగెత్తాయి. మధ్యలో సేవ్ చేయాలని ఆమెకు తెలుసు. ఆ పాత సాఫ్ట్‌వేర్ సేవ్ కావడానికి కొంతసేపు పడుతుంది. అంతసేపు చప్పుడు ఆగుతుంది. ఆమె ఆపలేదు. ఆమె కళ్లు తడిశాయి. తెర మసకబారింది. తుడుచుకుందామని కూడా చెయ్యి తీయలేదు. ఆయన చివరి మాట చెప్పి ఊరుకున్నారు. ఆమె చివరి అక్షరం కొట్టింది. సేవ్ కోసం వేలు జరిపింది.

తెర నల్లబడింది.

కింద ఎవరో బండి స్టార్టు చేస్తున్నారు.

"సేవ్ అయిందా?"

ఆమె తల అడ్డంగా ఊపింది.

జగదీశ్ అన్నం ముందు నుంచి లేచి వచ్చాడు. పెట్టె మీద చెయ్యి వేసి వెంటనే తీసేశాడు. "ఏందక్కా, గిట్ల కాలుతుంది?" పక్క రేకు విప్పాడు. ఈసారి ఫ్యాను కూడా ఊడదీశాడు. దాని కింద, వేడి లాగే లోహపు రెక్కల మధ్య, నల్లటి మెత్త. దుమ్మూ పొగజిడ్డూ కలిసి కంబళి ముక్కలా గడ్డకట్టింది. స్క్రూడ్రైవరుతో తీస్తుంటే గదంతా సాంబ్రాణి వాసన వచ్చింది.

"అమ్మో! కంప్యూటర్ కాదక్కా ఇది, హోమగుండం. లోపల గాలాడక ఉడికిపోతుంది. తానే బంద్ అయితుంది, కాలిపోకుండ."

పుష్పవల్లి ఆ ముక్కను చేతిలోకి తీసుకుంది. మెత్తగా ఉంది.

"సార్ చెప్పింది దొరుకుతదా?"

"సేవ్ కొట్టనిది ఏడకెళ్లి దొరుకుతదక్కా?" జగదీశ్ నవ్వు ఆపేశాడు. బ్రష్షుతో రెక్కలు దులిపాడు, వేడి లాగే పేస్టు కొత్తగా రాశాడు, ఫ్యాను బిగించాడు. కంప్యూటర్ లేచింది. చాలాసేపు చూశాడు. ఆగలేదు. "ఇగ ఫికర్ జెయ్యకు" అని వెళ్లిపోయాడు.

"నా వల్లనే సార్," అంది ఆమె.

"ఊరుకోమ్మా. మళ్లీ చెబుతాను. చెప్పింది నేనే కదా."

ఆయన అదే కుర్చీలో కూర్చున్నారు. కళ్లు మూసుకున్నారు. చెప్పారు. మాటలు వచ్చాయి. కూతురు రాలేదు.

చెరిపించారు. నిలబడి చెప్పారు. కిటికీ దగ్గరికి వెళ్లి చెప్పారు. ఆమె తలుపు కూడా మూసింది. కంప్యూటర్ నిదానంగా, మంచి ఎద్దులా నడుస్తోంది.

"నువ్వు టైపు చేశావు కదమ్మా. ఏదైనా గుర్తుందా? ఒక్క మాట చాలు. దాన్ని పట్టుకుని వెళతాను."

పుష్పవల్లి తల పట్టుకుంది. ఏళ్ల తరబడి ఆమె చెవిలో పడ్డ మాట నేరుగా వేళ్లలోకి పోయేది. మధ్యలో ఎక్కడా నిలవదు. నిలిస్తే చెయ్యి వెనకబడుతుంది. ఎన్నో సినిమాల మాటలు ఆమె గుండా వెళ్లాయి. ఒక్కటీ ఉండిపోలేదు. ఏడ్చినట్టు గుర్తుంది. దేనికి ఏడ్చిందో గుర్తులేదు.

"చెప్పులు," అంది చివరికి. "చెప్పుల గురించి ఏందో అన్నరు సార్."

"చెప్పులా?" ఆయన ముఖం వెలిగింది. "తండ్రి చెప్పులు. అవును. ఏవన్నాను వాటి గురించి?"

"ఎరుక లేదు సార్."

ఆయన చెప్పుల కోసం వెతికారు. గుమ్మంలో ఉన్నాయన్నారు. కాదు. అరిగిపోయాయన్నారు. అందరూ అనేదే. కూతురు వాటిని తొడుక్కుందన్నారు, కాసేపు ఆశగా ఆమె వైపు చూశారు. ఆమె ముఖంలో ఏమీ కనిపించలేదు. చూపు దించుకున్నారు.

ఎండ బల్ల దిగి నేల మీదికి జరిగింది. ఆయన ఫోను మోగింది. ప్రొడక్షన్ మేనేజర్.

"పంపిస్తున్నానండీ," అన్నారు ఆయన. ఫోను చేత్తో మూసి ఆమెకు చెప్పారు. "అరిగిపోయాయి అన్నదే ఉంచమ్మా. ప్రింట్ ఇచ్చెయ్."

ఆమె సేవ్ చేసింది. అది పూర్తయ్యేదాకా ఆగింది. ప్రింట్ ఇచ్చింది. కాగితాలు ఒకటొకటిగా బయటికి వచ్చాయి. ఆయన ఒక్కటీ చదవలేదు. వెచ్చగా ఉన్న దొంతరను తీసుకుని అంచులు సరిచేశారు.

ఫోనులో అవతలి మనిషి ఏదో అడిగాడు.

"చాలా బాగా వచ్చిందండీ," అన్నారు సూర్యప్రకాశరావుగారు. "టైపు చేస్తూ మా పుష్పవల్లిగారు ఏడ్చేశారు. కావాలంటే అడగండి."

ఫోను ఆమె ముందుకు చాచారు.

ఆమె అందుకుంది.

"అవును సార్," అంది. "ఏడ్చిన."