గుర్తు వెయ్యని సరుకు

కరోనాకు ముందు ఏడాది జూన్‌లో నన్ను నెల్లూరు వైపు ఒక ప్రభుత్వాసుపత్రి పిల్లల విభాగానికి అసోసియేట్ ప్రొఫెసర్‌గా వేశారు. పైన ప్రొఫెసర్ పోస్టు ఖాళీ, కాబట్టి బరువంతా నా నెత్తినే. కొత్తల్లోనే ఇందుకూరుపేట నుంచి మస్తానమ్మ తన కూతురిని తీసుకొచ్చింది. ఏడాదిన్నర దాటినా పిల్ల కూర్చోలేదు. చిగుళ్లు ఉబ్బి, వేళ్లు బిగుసుకుపోయి ఉన్నాయి. మస్తానమ్మ సొంత మేనమామనే చేసుకుంది. ఇలాంటి జబ్బుల్లో మేం మొదట అడిగేది మేనరికం గురించే.

మన కణాల్లో పాత సరుకును కరిగించి మళ్లీ వాడకానికి పంపే చిన్న సంచులుంటాయి. కరిగించే ఎంజైములు వేరేచోట తయారై, ఒక గుర్తు తగిలించుకుని ఆ సంచుల్లోకి చేరాలి. ఈ పని సాగినన్నాళ్లే కణానికి ఆయుష్షు. ఈ పిల్ల రక్తంలో ఆ ఎంజైములు ఉండాల్సినదానికంటే బాగా ఎక్కువున్నాయి. చర్మం ముక్క తీసి పెంచిన కణాల్లో మాత్రం దాదాపు లేవు. అంటే తయారీకి లోటు లేదు, గుర్తే పడటం లేదు. పుస్తకాల్లో దీన్ని అరుదైన జబ్బని ఒక్క పేరాలో తేల్చేస్తారు. ఎదురుగా తల్లి కూర్చున్నప్పుడు ఆ మాట ఎందుకూ కొరగాదు.

మస్తానమ్మ రొయ్యల షెడ్డులో పనిచేసేది. అందుకని ఆమెకు తెలిసిన సంగతితోనే చెప్పాను: పెట్టె మీద రంగు గుర్తు లేకపోతే ఏ లారీకెక్కించాలో తెలియక సరుకు బయటే పడి ఉంటుంది, ఎంజైములూ అలాగే రక్తంలో తిరుగుతున్నాయి, కణం లోపల చెత్త పేరుకుపోతోంది అని.

ఆమె ముఖం వెలిగింది.

"అంతేనా సార్! సరుకైతే ఉండాది గదా. ఆ గుర్తేదో ఇప్పుడన్నా ఏసేయండి. మేం మరిచిపోతే మళ్లా ఏస్తాం."

ఆ గుర్తు వేసే విద్య లోకంలో ఎవరికీ లేదన్నాను.

"ఈడ కాదంటే చెన్నైకి పోతాం సార్," అంది.

అక్కడా లేదంటే నమ్మలేదు. పిల్లను ఎత్తుకుని చెన్నైలో కనిపించిన ఆసుపత్రికల్లా వెళ్లింది. ప్రతి డాక్టరునూ గుర్తు ఒక్కటి వెయ్యమని అడిగిందట. తర్వాతి వానల్లో పిల్ల ఊపిరితిత్తుల్లో నిమ్ము చేరి మా వార్డులోనే పోయింది.

రిటైరయ్యేదాకా ఇక నేను మందు లేదన్న మాట ముందు చెప్పి, వివరం తర్వాత చెప్పాను. అర్థమైన జబ్బు నయమవుతుందనుకోవడం తల్లులకు సహజం. చదువుకునే రోజుల్లో మేమూ అలాగే అనుకున్నాం.